పండిన మన్ను

బోడిమిట్టపల్లెలో మనుషులకంటే ముందు వాళ్ల చేతులకు పేర్లుండేవి. ఫలానా ఆయనది ఆవుకు పురుడు పోసే చెయ్యి. ఫలానా ఆమెది ఊరగాయకు బూజు పట్టనివ్వని చెయ్యి. వరదమ్మది నాటే చెయ్యి.

పలమనేరు దాటి లోపలికి పోతే రెండు గుట్టల నడుమ ఉంటుంది ఆ ఊరు. వరదమ్మ కోడలిగా వచ్చిన ఏడాదే ఊళ్లో చెరుకు మానేసి టమాటా వేయడం మొదలైంది. ఏం తోచిందో ఏమో, మామగారు కొత్త కోడలి చేత మొదటి మొక్క పెట్టించాడు. ఆ కాపును చూడడానికి పక్క ఊళ్ల నుంచి జనం వచ్చారు. బరువుకు కట్టెలు వంగిపోయి కాయ నేలను తాకుతుంటే కింద గడ్డి పరిచారు. అది నేల గొప్పా, ఆ ఏటి వాన గొప్పా అని ఎవరూ అడగలేదు. చెయ్యి గొప్ప అన్నారు. ఒకసారి అన్నాక ఆ మాట అట్లాగే నిలబడిపోయింది.

ఆ తర్వాత ఎవరు నాట్లు పెట్టుకున్నా ఈశాన్యం మూల మొదటి సాలు వరదమ్మదే. ఆమెకో పద్ధతుండేది. ఆ సమయానికి ఊళ్లో బాగా కాస్తున్న చేనికి వెళ్లి, అన్నిటికంటే ఎక్కువ గుత్తులు దిగిన మొక్క మొదట్లో పిడికెడు మన్ను తవ్వి గుడ్డలో మూట కట్టుకునేది. దాన్ని పండిన మన్ను అనేవాళ్లు. కొత్త చేనికి వచ్చి ఆ మన్నును చెంబుడు పసుపు నీళ్లలో కలిపి, నారు వేర్లను అందులో ముంచి ముంచి నాటేది. పాలకు తోడు వేసినట్టే ఇదీ అని చెప్పేది. పండిన చేను తోడుపడితే కొత్త చేను పండక ఏమవుతుంది? కాలం మారి నారు ప్లాస్టిక్ ట్రేలలో రావడం మొదలైంది, బోదెల మీద నల్ల కవరు పరవడం వచ్చింది, డ్రిప్పు వచ్చింది. వరదమ్మ చెంబు మాత్రం మారలేదు.

ఆమె భర్త దొరస్వామి పలమనేరు మండీలో టమాటా పెట్టెలు మోసేవాడు. ఒక మధ్యాహ్నం పెట్టె దించి, దాని మీదే కూర్చుని, గుండె పట్టుకుని పోయాడు. పిల్లలు లేరు. వరదమ్మ ఇంట్లోనే కూర్చుంది. పసుపు కుంకుమలు పోయిన మనిషి మొదటి మొక్క పెట్టడం ఆ ఊళ్లో లేదు. పెట్టడం దాకా ఎందుకు, పెడుతుంటే దగ్గర నిలబడడం కూడా లేదు. వయసులోనే భర్తను పోగొట్టుకున్న సంతోషమ్మ కూలికి వచ్చినప్పుడల్లా, మొదటి సాలు అయ్యేదాకా గట్టు అవతలే నిలబడేది. ఆ మాట ఆమెకు ప్రతిసారీ గుర్తుచేసింది వరదమ్మే. "సంతోషా, నువ్వు రవంత గట్టవతల నిలబడుకోమే" అని, చెంబులో మన్ను కలుపుతూ, తల ఎత్తకుండా.

నెల మాసికం కూడా కాకముందే రాజారత్నం వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఊళ్లో అందరికంటే ఎక్కువ నేలున్న రైతు.

"ఏం వరదక్కా, నాట్లకు పొద్దు పోతా ఉండాది. లెయ్యి."

"నేనెట్ల వచ్చేది రత్నప్పా. అన్నీ పోగొట్టుకున్నదాన్ని."

"తాళి మెడకు కట్టేదా, చేతికి కట్టేదా? నాకు నీ మెడతో పనిలేదు. చేతితోనే పని."

వెంట వచ్చిన మగవాళ్లు నవ్వారు. నవ్వులాటకు అన్న ఆ మాటే ఊరికి శాస్త్రమైంది. వరదమ్మ లేచి, ముఖం కడుక్కుని చేనికి నడిచింది. అక్కడ గట్టు దగ్గర సంతోషమ్మ ఉంది. ఈసారి ఆమె తప్పుకోలేదు.

"ఇప్పుడు నువ్వూ నేనూ ఒకటే గదక్కా."

"ఒకటెట్ల అయితామే?" అంది వరదమ్మ. "అవతల నిలబడుకో."

సంతోషమ్మ నిలబడింది. ఆ పూట వరదమ్మ మొదటి సాలంతా తల పైకెత్తి నాటింది. భర్త పోయిన దుఃఖం ఒకవైపు ఉండనే ఉంది. దాని మీదుగా ఇంకేదో పొంగు లేచింది. తనను అవతల నిలబెట్టని చెయ్యి ఒకటి తనకు ఉంది.

ఏళ్లు అట్లాగే గడిచాయి. ఒక చలికాలం రాజారత్నం రాష్ట్రం సరిహద్దు అవతలి నుంచి చవగ్గా దొరికిన నారు తెచ్చి వేశాడు. అక్కడో మొక్క ఇక్కడో మొక్క వాలిపోతే పీకి కాలువలో పారేశాడు. మిగిలిన చేను మాత్రం విరగకాసింది. కాపంటే అదే కాపు. ఎండలు ముదిరే వేళకు ఊళ్లో మిగిలినవాళ్లు నాట్లకు దిగారు. వరదమ్మ పండిన మన్ను కోసం సహజంగానే రాజారత్నం చేనికి వెళ్లింది.

పూత దశలో మొదలైంది. పొద్దున నిగనిగలాడే మొక్క మధ్యాహ్నానికి తల వేలాడేసేది. సాయంత్రానికి మళ్లీ లేచేది. ఎండకు వాడిందిలే అనుకున్నారు. మరి రెండు పొద్దులకు లేవడం మానేసింది. ఆకు పండదు, మచ్చ పడదు, రాలదు. పచ్చగా ఉండగానే, ఉరి తీసినట్టు వేలాడుతూ ఎండిపోయేది. పచ్చెండు అని పేరు పెట్టారు. నీళ్లు చాలలేదని నీళ్లు పెట్టారు. నీళ్లు పారిన దారినే చావు పారింది. మందుల అంగడివాడు ఇచ్చినవన్నీ కొట్టారు. పురుగుల మందు, బూజు మందు, ఆకు మందు, పేరు తెలియని మందు. రాజారత్నం రెండో పంట కూడా అందరితోపాటే పోయింది.

చివరికి హార్టికల్చర్ ఆఫీసరు వచ్చింది. గోదా అని, తిరుపతి అమ్మాయి. గట్టు మీద కూర్చుని, టీ అంగడి నుంచి గాజు గ్లాసు తెప్పించి, దాన్నిండా తేటనీళ్లు పోయించింది. వాలిన మొక్కనొకటి పీకి, కాడను మొదట్లో బ్లేడుతో కోసి, కోసిన కొస నీళ్లకు తగిలేలా పట్టుకుంది. అందరూ చుట్టూ మూగారు. కాసేపటికి కాడ కొసనుంచి తెల్లటి పోగొకటి సన్నగా కిందికి దిగింది. దాని వెనక ఇంకొకటి.

"ఇదేందమ్మా, పాలు కారతా ఉండాది?" అన్నాడు రాజారత్నం.

"పాలు కావండీ, బ్యాక్టీరియా. విడిగా ఉంటే కంటికి కనపడవు. కోట్లు కోట్లు గుమిగూడాయి కాబట్టి ఇట్లా కనిపిస్తున్నాయి. వేరుకు ఎక్కడో చిన్న గాటు పడితే చాలు, దూరిపోతాయి. మొక్క నీళ్లు తాగే సన్న గొట్టాల్లో పెరిగి, జిగురు కార్చి, వాటిని మూసేస్తాయి. ఇక మీరెన్ని నీళ్లు పెట్టినా పైకి పోవు. నీళ్లలో నిలబడే దాహంతో చచ్చిపోతుంది."

"మందేం కొట్టాల?"

"మందు లేదండీ."

గోదానే మళ్లీ అడిగింది. "మొదట చేలో ఏ పక్క వాలింది?"

ఈశాన్యం మూల, అన్నాడొకడు. మాకూ అదే మూల, అన్నాడు ఇంకొకడు. అందరిదీ అదే మూల.

"అందరికీ ఒకే మూలా?" ఆ అమ్మాయికి వింతగా ఉంది. "అక్కడ ఏం చేశారు?"

మగవాళ్లు నేల చూశారు. వెనకనుంచి సంతోషమ్మ గొంతు వచ్చింది. "వరదక్క పండిన మన్ను కలిపి నాటింది మేడమ్. రత్నప్ప సేలో మన్ను."

తలలన్నీ తిరిగాయి. వరదమ్మ ముందుకు వచ్చి, కొంచెం బెదురుతో, కొంచెం గర్వంతో తన పద్ధతి చెప్పింది. తోడు సంగతి కూడా చెప్పింది. గోదా ఓపిగ్గా విన్నది.

"తోడే వేశావమ్మా. ఆ మన్నులో ఉన్న తోడు ఇది," అని గ్లాసు చూపించింది. "చలికి ఊరికే పడుకుని ఉండింది, ఎండకు లేచింది. నీ తప్పేం లేదు. నీ చేతిదేం లేదు. అంతా మన్నుదే."

ఎండిన మొక్కలు పీకి కాల్చమంది. ఈ నేలలో కొన్నేళ్లు టమాటా, వంగ, మిరప పెట్టకుండా రాగో మొక్కజొన్నో వేసుకోమంది. ఒక చేను మన్ను ఇంకో చేనికి కాళ్లతో కూడా మోయొద్దని, చేతులు, పనిముట్లు కడుక్కోమని చెప్పి జీపెక్కింది.

జీపు గుట్ట మలుపు తిరగకముందే రాజారత్నం తువ్వాలు దులిపాడు. "లక్ష్మి అనుకుంటిమి గదప్పా. జ్యేష్ఠను పిలిచి పసుపు నీళ్లిచ్చినాము మనం."

ఎవరో పక్కున నవ్వారు. పంట పోయినవాళ్లకు నవ్వు ఎంత సుఖమో ఆ నవ్వులో తెలిసింది. ఆ రోజునుంచి ఆమెకు పచ్చెండమ్మ అని పేరు పడింది. ట్రేల దగ్గరికి వస్తే ఆడవాళ్లు ట్రే అవతలికి జరిపేవాళ్లు. కొట్టంలో పాలు పిండుతున్నవాళ్లు ఆమెను చూసి బిందెకు కొంగు కప్పేవాళ్లు. "ఆ పక్క తొక్కి రావద్దు అత్తా, మాది ఇంకా పచ్చగానే ఉండాది" అని గట్టు మీద నుంచే అరిచేవాళ్లు. పిల్లలు ఆమె నడిచి పోయినచోట ఉమ్మి, కాలితో చెరిపి పరిగెత్తేవాళ్లు.

వరదమ్మ వాళ్లందరినీ తట్టుకుంది. తట్టుకోలేనిది ఆఫీసరమ్మ మాట. చేతిదేం లేదు. అందులోని జాలి ఆమెకు అర్థమయింది. కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటూ దాన్నే తిరగేసి మరగేసి చూసింది. ఎండింది చేతివల్ల కాదు, మన్నువల్ల. మంచిదే. మరి ఇన్నేళ్లు పండింది? అదీ మన్నువల్లే, వానవల్లే, నారువల్లే. అట్లయితే తాను ఎవరు? మొగుడు పోయి గట్టవతల నిలబడాల్సిన ఆడది. అంతే. జ్యేష్ఠ అన్నవాళ్లు కనీసం ఏదో ఒక దేవతను చేశారు. ఆ పిల్ల ఒక గ్లాసు నీళ్లతో చేతిని ఉత్త చెయ్యి చేసిపోయింది.

రాజారత్నం పొలానికి ఎగువన అతని చిన్నాయన కొడుకు ధనశేఖర్ పొలం ఉంది. ధనశేఖర్ తండ్రి బతికినన్నాళ్లూ రాగి తప్ప ఇంకేమీ వేయనివ్వలేదు. అందువల్ల ఊరంతటికీ తెగులు తగలని నేల అదొక్కటే మిగిలింది. తండ్రి పోయాక ధనశేఖర్ టమాటా వేయడానికి సిద్ధమయ్యాడు. అతని భార్య రాజశ్రీ చిత్తూరులో డిగ్రీ చదివిన పిల్ల. గోదా చెప్పినవన్నీ ఫోనులో రికార్డు చేసుకుని మరీ విన్నది. ఒక పొద్దున ఆమె వరదమ్మ ఇంటికి వచ్చింది.

"పెద్దమ్మా, శుక్రవారం మా నాట్లు. మొదటి మొక్క నువ్వే పెట్టాల."

వరదమ్మ చేతిలోని చీపురు కింద పడింది. "నన్నా? నా చెయ్యి సంగతి ఊరంతా అంటా ఉంటే..."

"చేతిదేముంది పెద్దమ్మా? చేతిలో ఏముంటాది? ఎవురు నాటినా మొక్క మొక్కే. సబ్బుతో కడుక్కుంటే సాలు. నిన్ను అందరూ అట్ల అంటా ఉంటే నేను సూస్తా ఉండలేను. నువ్వు వచ్చి పెడితే వాళ్ల నోళ్లు మూతపడతాయని నేనే ఈయన్తో చెప్పినాను."

పిల్ల మంచిది. ఆ మంచితనం వరదమ్మకు ముల్లులా గుచ్చుకుంది. వస్తానని మాత్రం చెప్పింది.

ఆ కబురు రాజారత్నానికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పొద్దు వాలకముందే వచ్చి, ఇన్నేళ్లలో ఎప్పుడూ కూర్చోనివాడు, వరదమ్మ తిన్నె మీద కూర్చున్నాడు.

"శేఖరుగాడు పిలిచినాడంట."

"ఆ పిల్ల పిలిచింది. చేతిలో ఏముంటాది, కడుక్కోని రా అనింది."

రాజారత్నం ఆమె ముఖం చూశాడు. మండీలో కాయను చూసే చూపు అది, ఎక్కడ మెత్తగా ఉందో వెంటనే పసిగడుతుంది. "చదువుకున్నోళ్లకు చేతిలో వాసి యాడ తెలుస్తాదక్కా? నా చేను పండింది నీ చేత్తోనే. ఎండింది నీ చేత్తోనే. కోపంలో నాలుగు మాట్లు అన్యాను, లేదనను. నీ చేతిలో ఏమీ లేదని మాత్రం ఎప్పుడన్నా అన్యానా?"

వరదమ్మ కళ్లు చెమర్చాయి. ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో అతనికి తెలుసు.

"నా చేలో మన్ను పిడికెడు తీసుకుపో. ఎప్పుడూ తీసుకుపొయ్యేదే. ఎప్పుడూ చేసేదే చెయ్యి. కొత్తగా ఏమీ చెయ్యమనలేదు నేను."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "వాడు నీ సిన్నాయన కొడుకు గదా రత్నప్పా."

"సిన్నాయన కొడుకు గాబట్టే." తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నాది కాలిపోయి, వాడిది నా నెత్తిన పచ్చగా నిలబడితే నేను పొద్దున లేచి ఎట్ల సూసేది? నువ్వే సెప్పు. మామిడితోపు కింద కొత్తనేల తెరస్తా ఉండాను. ఆడ మొదటి సాలు నీది. మేళం పెట్టి, ఊరు ఊరంతా సూస్తుండగా పిలుస్తాను. ఒక్కడు నోరెత్తనీ."

శుక్రవారం వరదమ్మ రొంటిన మన్ను మూట పెట్టుకునే బయలుదేరింది. పెట్టుకుంది గానీ, దారిలో కాలువ దగ్గర ఆగింది. పారేద్దామనే అనుకుంది. ఆ పిల్ల ముఖం గుర్తొచ్చింది. చెయ్యి రొంటిదాకా వెళ్లింది. అంతలో ట్రేలు మోసుకుంటూ కూలివాళ్లు వెనకే వచ్చేస్తే ముందుకు నడిచింది. చేనిలో ఎట్లాగూ ఒక మూల విదిలించేయొచ్చులే అనుకుంది.

గట్టు దగ్గర రాజశ్రీ సబ్బు, బిందెడు నీళ్లు పెట్టుకుని నిలబడి ఉంది. అందరి ముందూ వరదమ్మ చేతులు తానే రుద్ది కడిగింది. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మోచేతులదాకా.

"పుట్టినప్పుడు మంత్రసాని కూడా ఇంత బాగా కడిగుండదు పెద్దమ్మా," అన్నాడు ధనశేఖర్. కూలివాళ్లు నవ్వారు. వరదమ్మ కూడా నవ్వింది. రాజశ్రీ నారు ట్రే ఆమె చేతికిచ్చి, వెనక్కి తిరిగి, గట్టవతల అలవాటుగా నిలబడిన మనిషిని చూసింది.

"సంతోషక్కా, ఆడేం చేస్తా ఉండావు? నువ్వూ రా. మొదటి సాలు ఇద్దరూ కలిసి పెట్టండి. ఇంక ఇట్లాంటివి మా చేలో వద్దు."

సంతోషమ్మ నమ్మలేనట్టు చూసింది. తర్వాత గట్టు దాటింది. ఆమె చేతులు ఎవరూ కడగలేదు, తెగులు పేరున్నది ఆమెకు కాదు కదా. సాలు మొదట్లో వరదమ్మ పక్కనే, భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. కళ్లలో నీళ్లు, ముఖంలో నవ్వు.

"సివరికి ఒకటే అయినాం గదక్కా," అంది మెల్లగా. అందులో వెక్కిరింత లేదు. ఉంటే వరదమ్మ భరించేదేమో.

ఆమె తల వంచుకుని, కొంగు సర్దుకుంటున్నట్టుగా రొంటిన మూట విప్పింది. ప్రతి గుంతలో చిటికెడు వేస్తూ, దాని మీద నారు దించి, బొటనవేలితో అదిమింది. గట్టిగా అదిమింది. వేరు తెగేంత గట్టిగా. సంతోషమ్మ పెట్టిన మొక్కల పక్కన కూడా, మన్ను సర్దే నెపంతో, చెయ్యి పోనిచ్చింది. సాలు చివరికి వచ్చేసరికి మూట ఖాళీ అయింది.

వానలు పడ్డాయి. మొదటి సాలున్న ఎగువ మూల నుంచి నీళ్లు చేనంతా పారాయి. తొలి గుత్తులు గోళీలంత అయిన వేళ మొదటి సాలు వాలింది. రాజశ్రీ గాజు గ్లాసు తెచ్చుకుని, కాడ కోసి, నీళ్లలో పట్టుకుని చూసింది. తెల్లటి పోగు దిగుతుంటే అక్కడే కూర్చుండిపోయింది. ధనశేఖర్ గ్లాసు తీసి గట్టుకేసి కొట్టాడు.

వరదమ్మను పిలిపించారు. నిందించడానికి కాదు. రాజశ్రీ ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. "యాడ తప్పు చేసినాం పెద్దమ్మా? మన్ను రానియ్యలేదు. పనిముట్లు కడిగినాం. నారు కూడా తిరుపతి నుంచి సూసి తెచ్చినాం. నీ చేతులు నేనే కడిగినా..."

వరదమ్మ చేనిని చూసింది. పచ్చగా, బారులు తీరి, తలలు వేలాడేసిన మొక్కలు. వాటిని చూస్తుంటే ఆమెకు భయం కాదు, మరోటి కలిగింది. ఇది ఉత్త చెయ్యి చేసే పనేనా?

"నా చేతులు నువ్వే కడిగినావు బిడ్డా," అంది నెమ్మదిగా. "మిగతావాళ్లవి ఎవురు కడిగినారు?"

ఎక్కువ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఊరు ఎన్నాళ్లుగానో ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు అందుకుంది. ముండమోపిని మొదటి సాల్లో కూర్చోబెడితే పండుతుందా అన్నారు. చదువుకున్న కోడలు పద్ధతులు చెరిపితే ఇట్లాగే అవుతుందన్నారు. వరదమ్మ కూడా భర్త లేని మనిషే అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సంతోషమ్మను కూలికి పిలవడం మానేశారు. ఆమె ధనశేఖర్ ఇంటి ముందు నిలబడి, "నా చేతుల్లో ఏముంటాది తల్లీ, నువ్వే అంటివి గదా" అని అడిగింది. రాజశ్రీ తలుపు తీయలేదు. ఆ పిల్లది అప్పటికి ఏది నమ్మాలో తెలియని స్థితి. కొన్నాళ్లకు మొగుడూ పెళ్లామూ నాయుడుపేట దగ్గర ఏదో కంపెనీలో పనికి కుదిరి వెళ్లిపోయారు. ఎగువ పొలం సేద్యం రాజారత్నం చేతికి వచ్చింది. దాయాది సొత్తు దాయాదికే, పరాయివాడికి పోలేదని పెద్దమనుషులు మెచ్చుకున్నారు.

మామిడితోపు కింద కొత్తనేల దున్ని, బోదెలు తీసి, కవరు పరిచారు. పచ్చెండును తట్టుకుంటుందని వంగ వేరు మీద అంటుకట్టిన నారు వ్యానులో వచ్చింది. వరదమ్మ తెల్లచీర ఉతికి ఆరేసుకుని పిలుపు కోసం కూర్చుంది. మేళం మోగింది. కబురు రాలేదు. మరిచిపోయి ఉంటాడు, హడావుడిలో ఉంటాడు అనుకుంటూ తానే బయలుదేరింది. తోపు దాటి చేనిదగ్గరికి వచ్చేసరికి, ఈశాన్యం మూలన రాజారత్నం చిన్నకోడలు తలనిండా పూలతో మొక్క పెడుతోంది.

రాజారత్నం ఆమెను దూరం నుంచే చూశాడు. గబగబా వచ్చి దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఆడే నిలబడుకో. గట్టు దాటొద్దు."

"మొదటి సాలు నాదంటివి గదా రత్నప్పా."

"పెద్దగా మాట్లాడొద్దు. ఇంటికి పో, కూడు పంపిస్తాను. బియ్యం కావాలన్నా పంపిస్తాను."

"నాకు కూడెందుకు? పిలుస్తానంటివి. నా చెయ్యి నిజమని నువ్వొక్కడివే నమ్మినావే."

"నమ్మినాను గాబట్టే దాటొద్దంటా ఉండాను," అన్నాడు రాజారత్నం. అతని గొంతులో ఎగతాళి లేదు. భయం ఉంది. కళ్లు ఆమె ముఖాన్ని వదిలి ఆమె రొంటిని, చేతులను, ఆమె పాదాలకు అంటిన మట్టిని వెతుకుతున్నాయి. "ఇంకెప్పుడూ నా నేల మీద అడుగు పెట్టొద్దక్కా. దండం పెడతాను." నిజంగానే చేతులు జోడించాడు.

వరదమ్మ మేళం ఆగిపోయేదాకా అక్కడే నిలబడింది. ఎండ నెత్తిమీదికి వచ్చాక ఇంటికి వెళ్లింది.

రాజారత్నం పంపిన కూడు ఆమె ముట్టలేదు. ఊరు ఆమెను పచ్చెండమ్మ అనడం మానేసింది. ఇప్పుడు ఏమీ అనడం లేదు. పలకరించేవాళ్లు లేరు, తిట్టేవాళ్లు లేరు. కూలికి పిలవరు, రావద్దనీ చెప్పరు. ఉత్త ముసలమ్మ అయిపోయింది. తిన్నె మీద కూర్చుని ట్రేలు మోసుకుపోతున్న ఆడవాళ్లను చూసేది. ఒళ్లో చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఉండేది.

అట్లా కూర్చుని ఉన్న ఒక సాయంత్రం దిగువ ఊరి యోగానంద వచ్చాడు. నడివయసు రైతు. మోటారు సైకిలు దూరంగా ఆపి, వీధి అటూ ఇటూ చూసి, తిన్నెకు దగ్గరగా నిలబడ్డాడు. ఎదురుగా కుళాయి దగ్గర సంతోషమ్మ ఒంటరిగా బిందె పెట్టుకుని ఉంది. మిగతా ఆడవాళ్లు ఆమె నీళ్లు పట్టుకుని వెళ్లాకే వస్తున్నారు.

"బాగుండావా అత్తా," అన్నాడు యోగానంద గొంతు తగ్గించి. "రత్నప్ప మామ మాకు దూరపు సుట్టం. మొన్న రవంత తాగినప్పుడు నీ మాట వచ్చింది."

వరదమ్మ తల ఎత్తి అతన్ని చూసింది.

"మా తమ్ముడు బోరు పడిందని తెగ ఎగరతా ఉండాడు. వచ్చే వారం నాట్లు పెట్టుకుంటాడంట." అతను కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. "నువ్వు ఊరికే అట్ల ఒకసారి... వాడి సేలో నడిసి వస్తే సాలు. నేనే తీసుకుపోయి, నేనే దింపుతాను."

"నాటేదానికి కాదా?"

"నాటేదేముందిలే అత్తా. సుమ్మా ఊరికే నువ్వు నడిస్తే సాలంట. అంత వాసి ఉండాదంట నీ చేతికి."

అతని గొంతులో నమ్మకం ఉంది, కొంచెం వణుకు ఉంది. ఒకప్పుడు పెద్ద పెద్ద రైతులు ఆమె ముందు నిలబడి మాట్లాడినప్పుడు కూడా ఇంత వణుకు ఉండేది కాదు. కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతోంది. సంతోషమ్మ దాన్ని ఎత్తుకోకుండా ఇటే చూస్తోంది.

వరదమ్మ కొంగు సర్దుకుని, తిన్నె మీద కాస్త జరిగి, పక్కన అరచేత్తో దుమ్ము తుడిచింది. తర్వాత కుళాయి దాకా, ఆ పై ఇళ్ల దాకా వినపడేటట్టు గొంతు పెంచింది.

"నాట్లకు పిలవను వచ్చినావా నాయనా? నిలబడే ఉండావేమి, కూర్చో. మీ ఊర్లో నాటే సెయ్యే లేకపొయ్యిందా ఏమి, ఇంత దూరం నాకోసరం వచ్చినావే?"